వాదా – వాయిదా: మాజీ సైనికుల ఋణపత్రం కథ

మా కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు, తెలుగు మాతృభాషగా గల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొంటారు. ఒక భాషలోని మాట మరొక భాషలో వేషం మార్చుకొని కనిపించినపుడు వారి ముఖాలలో కలిగే ఆశ్చర్యం మేము తరగతిలో తరచు చూచునదే. అట్టి మాటలలో ‘వాయిదా’ ఒకటి. అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చిన ‘వాదా’ అను పదానికి మాట ఇచ్చుట, వాగ్దానం చేయుట అని అర్థం. ఆ పదమే మన తెలుగులోనికి వచ్చి ‘వాయిదా’ అయినది. మాట ఇచ్చుట అను అర్థం నుండి గడువు అను అర్థం వచ్చినది. గడువు అను అర్థం నుండి ఆ గడువును ముందుకు జరుపుట అను అర్థం వచ్చినది. ఉర్దూ వాడు ‘వాదా’ అంటే పని జరుగుతుందని ఆశ. తెలుగువాడు ‘వాయిదా’ అంటే పని నేడు జరగదని నిరాశ.

నిఘంటువులో ఈ మార్పు వినోదంగా ఉంటుంది. కాని ఒక ప్రభుత్వం తన ప్రజలకు ఇచ్చిన మాట ఇదే దారిలో నడచినపుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన స్పష్టమైన సమాధానాలలో ఒకటి 1932 లో అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో జరిగిన మాజీ సైనికుల ఆందోళన. ‘బోనస్ సైన్యం’ అను పేరుతో అది ప్రసిద్ధి పొందినది. ఆ ఆందోళనకు గల కారణాలను, అది నడచిన తీరును, దాని ఫలితాలను మా విద్యార్థులకు వివరించుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఋణం ఏర్పడిన విధం

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా 1917 ఏప్రిల్‌లో ప్రవేశించినది. 1918 నవంబరు 11న యుద్ధం ఆగినది. ఆ స్వల్ప కాలంలోనే నలభై లక్షలకు పైగా యువకులు సైనిక దుస్తులు ధరించినారు. వారిలో సుమారు 1,16,000 మంది తిరిగి రాలేదు. సామాన్య సైనికుని జీతం నెలకు 30 డాలర్లు, అనగా దినానికి ఒక డాలరు. అందులో నుండి ఇంటికి పంపవలసిన భాగం, జీవిత బీమా కిస్తు మినహాయించగా చేతికి మిగిలేది స్వల్పం. అదే కాలంలో స్వదేశంలో ఓడల నిర్మాణ కేంద్రాలలోను, ఆయుధ కర్మాగారాలలోను పనిచేసిన వారు అంతకు ఎన్నో రెట్లు సంపాదించినారు. ఇక యుద్ధ సామగ్రి సరఫరా చేసిన కంపెనీల లాభాలను గూర్చి చెప్పనక్కరలేదు.

యుద్ధం ముగిసి ఇంటికి చేరిన సైనికుడు ఈ తేడాను చూచినాడు. తాను కందకాలలో ఉండగా తన స్థానంలో పనిచేసిన వాడు ఇల్లు కట్టుకొన్నాడు. తనకు పని లేదు. కావున అతడు అడిగినది దానం కాదు. తనకు లభించిన జీతానికి, స్వదేశంలో ఉండి ఉంటే లభించెడి కూలికి మధ్య గల తేడాలో కొంత భాగాన్ని సర్దుబాటు చేయమన్నాడు. అందుకే ఆ చట్టానికి ‘సర్దుబాటు పరిహార చట్టం’ అని పేరు పెట్టినారు. కాని పత్రికలు, ప్రత్యర్థులు దానిని ‘బోనస్’ అని పిలిచినారు. కొంతకాలానికి సైనికుల నోట కూడ ఆ మాటే నిలిచిపోయినది.

ఇక్కడ విద్యార్థులు ఒక క్షణం ఆగి ఆలోచించవలెను. బోనస్ అనగానే మన మనస్సులో ఏమి మెదలుతుంది? పండుగకు ముందు యజమాని సంతోషించి జీతంపైన ఇచ్చే అదనపు సొమ్ము. అది ఇస్తే మంచివాడు, ఇవ్వకపోతే అడుగుటకు వీలు లేదు. బాకీ అట్టిది కాదు. బాకీని అడిగేవాడు తల ఎత్తి అడుగుతాడు. ఒకే సొమ్మును ‘పరిహారం’ అన్నపుడు సైనికుడు అప్పు ఇచ్చినవాడు, ‘బోనస్’ అన్నపుడు అతడే చేయి చాచినవాడు. పేరు మారుటతో మనిషి అంతస్తు మారిపోయినది. తరువాత జరిగిన కథ అంతటికీ ఈ తేడా మూలమని మా అభిప్రాయం.

ప్రోనోటు వంటి పత్రం

ఇట్టి బిల్లును 1922 లో అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ తిరస్కరించినాడు. 1924 లో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కూడ తిరస్కరించినాడు. డబ్బుతో కొన్న దేశభక్తి దేశభక్తి కాదని ఆయన వాదం. ఆర్థిక మంత్రి ఆండ్రూ మెలన్ పన్నుల తగ్గింపును కోరుతూ ఈ వ్యయాన్ని వ్యతిరేకించినాడు. అయినను చట్టసభలు ఆ తిరస్కారాన్ని మూడింట రెండు వంతుల ఆధిక్యతతో త్రోసివేయగా 1924 మే 19న అది చట్టమైనది.

ఆ చట్టం లెక్క ఇట్లున్నది. స్వదేశంలో చేసిన సేవకు దినానికి ఒక డాలరు, విదేశంలో చేసిన సేవకు దినానికి ఒకటింబావు డాలరు. మొదటి 60 దినాలు లెక్కలోనికి రావు. స్వదేశంలో పనిచేసినవానికి 500 డాలర్లు, విదేశం వెళ్లినవానికి 625 డాలర్లు పరిమితి. మొత్తం 50 డాలర్లకు మించని వారికి రొక్కం ఇచ్చినారు. మిగిలిన వారందరికి రొక్కానికి బదులు ఒక పత్రం ఇచ్చినారు. మూల మొత్తానికి నాలుగవ వంతు కలిపి, ఇరవై సంవత్సరాల వడ్డీ లెక్కకట్టి, 1945 లో చెల్లిస్తామని ఆ పత్రంలో వ్రాసినారు. 400 డాలర్లు రావలసినవానికి 1945 లో సుమారు 1000 డాలర్లు వస్తాయి. అట్టి పత్రాలు 36 లక్షలకు పైగా జారీ అయినవి.

మన పల్లెలలో ప్రోనోటు ఎట్టిదో ఎరుగని వారుండరు. కాని పల్లె ప్రోనోటుకు, ఈ పత్రానికి ఒక భేదం కలదు. ఋణదాత మరణించినచో పత్రంపై గల మొత్తం అతని వారసులకు వెంటనే చెల్లుతుంది. బ్రతికి ఉన్నవాడు మాత్రం 1945 వరకు వేచి ఉండవలెను. అనగా సైనికుడు బ్రతికి ఉన్నంత కాలం ఆ సొమ్ము దూరపు కొండ, చనిపోయిన మరునాడు భార్య చేతిలో రొక్కం. అందుచేత సైనికులు చమత్కారంగా దానికి ‘సమాధిరాతి బోనస్’ అని పేరు పెట్టుకొన్నారు. 1924 లో వాగ్దానం చేసినారు, 1945 కు వాయిదా వేసినారు. ఆనాడు దేశం సుభిక్షంగా ఉన్నందున ఎక్కువమంది ఆ పత్రాన్ని పెట్టెలో దాచుకొని ఊరకున్నారు.

మాంద్యం వచ్చిన పిమ్మట

1929 అక్టోబరులో న్యూయార్కు నగరంలోని వాటాల మార్కెట్టు కూలినది. తరువాత మూడు సంవత్సరాలలో వేల బ్యాంకులు మూతపడినవి. కర్మాగారాలు పొగ మానినవి. 1932 నాటికి సుమారు ఒక కోటి ఇరవై లక్షల మంది నిరుద్యోగులైనారు. పట్టణాలలో ఉచిత సూపు కొరకు జనం వరుసలు కట్టినారు. నాటి అమెరికాలో నిరుద్యోగ భృతి వంటి జాతీయ ఏర్పాటు ఏదియు లేదు.

ఇరవై ఏండ్ల వయసులో యుద్ధానికి వెళ్లినవాడు ఇప్పుడు ముప్పది అయిదేండ్ల సంసారి. ఇంటిలో తినుటకు లేదు, అద్దె కట్టుటకు లేదు. పెట్టెలో మాత్రం వేయి డాలర్ల పత్రం ఉన్నది. పదమూడేండ్ల తరువాత చెల్లే కాగితం పిల్లవానికి పాలు కొనిపెట్టదు. 1931 ఫిబ్రవరిలో చట్టసభలు అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ తిరస్కారాన్ని కాదని, పత్రం విలువలో సగం వరకు అప్పుగా తీసికొనుటకు అనుమతించినవి. తన బాకీపై తానే వడ్డీ కట్టి అప్పు తెచ్చుకొనుట అనునది విచిత్రమే. అయినను లక్షలమంది ఆ అప్పు తీసికొన్నారు. అదియు ఖర్చైపోయినది.

టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ప్రతినిధి రైట్ పాట్మన్ తానును యుద్ధంలో పనిచేసినవాడు. పత్రాల మిగిలిన సొమ్మును వెంటనే చెల్లించవలెనని ఆయన బిల్లు ప్రతిపాదించినాడు. దానికి సుమారు 240 కోట్ల డాలర్లు కావలెను. ఆ ఏడు ప్రభుత్వానికి వచ్చిన మొత్తం ఆదాయం 200 కోట్ల డాలర్లకు లోపే. కావున హూవర్ ప్రభుత్వం వెనుకాడుటకు కారణం లేదని అనలేము. గడువు రాని బాకీని ముందే అడుగుటకు చట్టప్రకారం హక్కు లేదన్న మాట కూడ నిజమే. కాని 1932 జనవరిలో అదే ప్రభుత్వం బ్యాంకులకు, రైల్వే కంపెనీలకు అప్పులిచ్చి ఆదుకొనుటకు 50 కోట్ల డాలర్ల మూలధనంతో ఒక సంస్థను నెలకొల్పినది. ఆపదలో ఉన్న బ్యాంకును ఆదుకొనుటకు నియమాలను సడలించవచ్చు గదా, ఆపదలో ఉన్న సైనికుని విషయంలో 1945 అను అంకె మాత్రమే కదలరానిదా? సైనికులు వేసిన ఈ ప్రశ్నకు సూటియైన జవాబు రాలేదు.

రాజధానికి ప్రయాణం

దేశానికి వాయవ్య కొసను గల ఓరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్ అను నగరం కలదు. అక్కడ వాల్టర్ వాటర్స్ అను మాజీ సార్జెంటు ఉన్నాడు. పండ్లు, కూరగాయలు డబ్బాలలో నింపే కర్మాగారంలో పని పోగొట్టుకొన్నవాడు. ప్రతి వ్యాపార సంఘానికి రాజధానిలో తన మాట చెప్పుకొనే మనుషులు ఉన్నారు గదా, మనమే స్వయంగా వెళ్లి మన మాట చెప్పుకొందము అని అతడు తోటివారిని ప్రోత్సహించినాడు. 1932 మే నెలలో సుమారు 300 మందితో అతని ప్రయాణం సాగినది. టికెట్టుకు డబ్బు లేనందున గూడ్సు రైళ్ల పెట్టెలలో ఎక్కినారు. ఇలినాయ్ రాష్ట్రంలోని ఈస్ట్ సెయింట్ లూయిస్ వద్ద రైల్వే కంపెనీ వారిని అడ్డగించినది. ఆ వివాదం వార్తాపత్రికలకు ఎక్కినందున దేశమంతట పనిలేని మాజీ సైనికులకు ఈ యాత్ర సంగతి తెలిసినది. వారును ఎవరి ఊరి నుండి వారు బయలుదేరినారు. మే మాసాంతానికి వాటర్స్ బృందం వాషింగ్టన్ చేరినది. జూన్ నాటికి సుమారు 17,000 మంది మాజీ సైనికులు, వారి భార్యాపిల్లలు, అనుచరులు కలిసి నలభై వేలకు పైగా జనం చేరినారని అంచనా.

నగర పోలీసు అధిపతి పెల్హామ్ గ్లాస్‌ఫర్డ్ మాజీ బ్రిగేడియర్ జనరల్. ఆయన వీరిని తరిమివేయుటకు బదులు తిండికి, పాకలకు సామగ్రి సేకరించినాడు. తన జేబు నుండి కూడ కొంత ఖర్చుపెట్టినాడు. కోశాధికారిగా ఉండి వారి డబ్బు లెక్కలు కూడ చూచినాడు. శాంతిభద్రతలు కాపాడవలసిన అధికారి ఆకలిగొన్న జనంతో ఎట్లు మెలగవలెనో ఆయన ప్రవర్తన ఒక పాఠం.

అనకోస్టియా నది ఒడ్డున గల బురద నేలపై ప్రధాన శిబిరం వెలసినది. పాత రేకులు, పెట్టెల చెక్కలు, అట్టలు, గడ్డి, ఇవే దాని ఇటుకలు. అయినను అందులో వీధులు తీర్చి పేర్లు పెట్టుకొన్నారు. క్షురకశాల, గ్రంథాలయం ఏర్పాటు చేసికొన్నారు. సొంత పత్రికను కూడ నడుపుకొన్నారు. సైన్యంలో నేర్చుకొన్న క్రమశిక్షణ ఇక్కడ పనికివచ్చినది. భిక్షమెత్తరాదు, మద్యం త్రాగరాదు, ప్రభుత్వాన్ని కూలద్రోయుమనే ప్రసంగాలు చేయరాదు అని వాటర్స్ నియమాలు పెట్టినాడు. చేరేవాడు తన సేవాపత్రం చూపి నిజంగా సైన్యంలో పనిచేసినట్లు ఋజువు చేసికొనవలెను.

ఈ శిబిరంలో మరొక విశేషం కలదు. ఆ కాలంలో అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికుల దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. రాజధానిలో కూడ పాఠశాలలు, భోజనశాలలు వేరు. కాని అనకోస్టియాలో ఇరువురును ప్రక్క ప్రక్క పాకలలో ఉండి, ఒకే వరుసలో నిలబడి, ఒకే వంట తిన్నారు. నల్లజాతి నాయకుడు రాయ్ విల్కిన్స్ దీనిని స్వయంగా చూచి ‘క్రైసిస్’ పత్రికలో ప్రశంసించినాడు. ప్రభుత్వం కలుపలేని వారిని ఆకలి, బాకీ కలిసి ఒక్కచోటికి చేర్చినవి.

చట్టసభల తీర్పు

జూన్ 14న ప్రతినిధుల సభలో చర్చ జరుగుచుండగా, బిల్లును బలపరుస్తూ మాట్లాడుచున్న టెనెసీ ప్రతినిధి ఎడ్వర్డ్ ఎస్లిక్ గుండె ఆగి సభలోనే కుప్పకూలి మరణించినాడు. మరునాడు 211 – 176 ఓట్లతో బిల్లు ఆ సభలో నెగ్గినది. జూన్ 17న సెనేటు ముందుకు వచ్చినది. ఆనాడు వేలమంది మాజీ సైనికులు చట్టసభ భవనం మెట్లమీద, పచ్చికమీద కూర్చుండి సాయంకాలం వరకు నిరీక్షించినారు. రాత్రి ఫలితం వచ్చినది. 62 – 18 ఓట్లతో బిల్లు వీగిపోయినది. వాటర్స్ ఆ వార్త చెప్పగా జనం కొంతసేపు నిశ్చేష్టులైనారు. పిమ్మట అందరును కలిసి దేశభక్తి గీతం ఒకటి పాడి, వరుసలు కట్టి శిబిరానికి తిరిగి నడచినారు. ఆ రాత్రి ఒక్క కిటికీ అద్దం కూడ పగిలినదని ఎవరును చెప్పలేదు.

వారిలో అనేకులు ఇంటికి వెళ్లలేదు. వెళ్లుటకు ఇల్లు ఉన్నవారు ఎందరు? ప్రభుత్వం రైలు ఛార్జీల కొరకు ఒక లక్ష డాలర్లు కేటాయించినది, కాని ఆ ఛార్జీని అతని పత్రం సొమ్ములో నుండి కోసికొంటామన్నది. కొన్ని వేలమంది ఆ టికెట్టు తీసికొన్నారు. మిగిలిన వారు అక్కడనే ఉండిపోయినారు. జూలై 16న చట్టసభలు సెలవు తీసికొన్నవి. అర్జీ పెట్టుకొనుటకు వచ్చినవారు మిగిలినారు, అర్జీ వినవలసినవారు లేరు.

జూలై 28

1932 జూలై 28న పెన్సిల్వేనియా అవెన్యూ వీధిలో గల పాత ప్రభుత్వ భవనాలలో నివసించుచున్న మాజీ సైనికులను ఖాళీ చేయించుమని ఉత్తర్వు వచ్చినది. ఉదయం పని శాంతంగానే మొదలైనది. తరువాత తోపులాట జరిగినది, ఇటుకలు పడినవి, పోలీసులు తుపాకి కాల్చినారు. విలియం హుష్కా, ఎరిక్ కార్ల్‌సన్ అను ఇరువురు మాజీ సైనికులు తుపాకి గుండ్లకు ప్రాణాలు కోల్పోయినారు. హుష్కా లిథువేనియా దేశం నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చినవాడు. 1917 లో తన మాంసం దుకాణాన్ని అమ్మివేసి అమెరికా సైన్యంలో చేరినవాడు. మరణించిన పిమ్మట అతనిని సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పూడ్చినారు. అతని పత్రం ఆనాడు చెల్లుబాటుకు వచ్చినది. సమాధిరాతి బోనస్ అను మాట ఎంతటి క్రూర సత్యమో చూడండి.

కాల్పుల పిమ్మట హూవర్ సైన్యాన్ని పిలిపించినాడు. సైన్యాధిపతి జనరల్ డగ్లస్ మెకార్థర్ స్వయంగా నడిపించినాడు. ఆయన సహాయకుడు డ్వైట్ ఐసెన్‌హోవర్. అశ్వదళంలో మేజర్ జార్జ్ ప్యాటన్ ఉన్నాడు. ఈ ముగ్గురును తరువాతి ప్రపంచ యుద్ధంలో జగద్విఖ్యాతి పొందినవారే. సాయంకాలం కార్యాలయాల నుండి ఇంటికి వెళ్లే గుమాస్తాలు వీధికి ఇరువైపుల నిలబడి చూచుచుండగా, కత్తులు దూసిన గుర్రపు రౌతులు, బాయనెట్లు బిగించిన పదాతులు, కొన్ని టాంకులు వీధిలో కదలినవి. బాష్పవాయువు కమ్ముకొన్నది. నది దాటి ప్రధాన శిబిరంలోనికి పోవద్దని అధ్యక్షుని నుండి వచ్చిన ఆదేశాన్ని మెకార్థర్ లెక్కచేయలేదు. ఆ రాత్రి అనకోస్టియా పాకలు అగ్నికి ఆహుతి అయినవి. ఆ మంట వెలుగులో స్త్రీలు పిల్లలను చంకనెత్తుకొని మేరీలాండ్ వైపు నడచినారు.

ఆ మాజీ సైనికులలో జో ఏంజెలో అను వాడు ఒకడు. 1918 లో ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడి పడిపోయిన ప్యాటన్‌ను ఈడ్చుకొని పోయి బ్రతికించినవాడు ఇతడే. అందుకు పతకం కూడ పొందినాడు. ఇప్పుడు పని లేదు. శిబిరం కూల్చిన పిమ్మట అతడు ప్యాటన్‌ను చూడవచ్చినాడు. ఈ మనిషిని తాను ఎరుగనని చెప్పి పంపివేయుమని ప్యాటన్ ఆజ్ఞాపించినాడు. ఈ ఒక్క సంఘటనలో కథ సారమంతయు ఇమిడి ఉన్నది. ఏంజెలో దానం అడుగలేదు, ప్యాటన్ అతనికి ఒక ప్రాణం బాకీ ఉన్నాడు. బాకీ ఉన్నవానికి ఋణదాత ముఖం చూచుట కష్టం.

వీరిలో చాలమంది సైనికులే కారని, విప్లవకారులని, నేరస్థులని అధికారులు తరువాత ప్రచారం చేసినారు. కాని మాజీ సైనికుల వ్యవహారాలు చూచే ప్రభుత్వ శాఖ జరిపిన పరిశీలనలోనే వారిలో 94 శాతం మందికి సైనిక లేదా నౌకాదళ సేవా రికార్డు ఉన్నట్లు తేలినది.

బాకీ తీరిన విధం

1932 నవంబరు ఎన్నికలలో హూవర్ ఘోరంగా ఓడిపోయినాడు. మాంద్యం అందుకు ప్రధాన కారణం. అనకోస్టియా మంటల ఛాయాచిత్రాలు కూడ ఆయనకు మేలు చేయలేదు. క్రొత్త అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పత్రాల సొమ్మును ముందుగా చెల్లించుటకు ఏ మాత్రం ఇష్టపడలేదు. అయినను 1933 మేలో మాజీ సైనికులు మరల వచ్చినపుడు ఆయన ప్రభుత్వం గుడారాలు, భోజనం ఏర్పాటు చేసినది. ఆయన భార్య ఎలినార్ స్వయంగా శిబిరానికి వెళ్లి వారితో కూర్చుండి మాట్లాడినది. అడవుల పెంపకం వంటి పనులలో 25,000 మంది మాజీ సైనికులకు అవకాశం కల్పించినారు. సొమ్ము విషయంలో ఇద్దరు అధ్యక్షుల విధానం ఒక్కటే, మనుషులను చూచిన తీరు మాత్రం వేరు.

ఐతే ఆదరణ బాకీని తీర్చదు. రహదారి పనుల కొరకు ఫ్లారిడా దీవులకు పంపిన మాజీ సైనికులు పలుచని గుడారాలలో ఉండగా 1935 సెప్టెంబరు 2న భయంకరమైన తుఫాను వచ్చినది. వారిని తరలించుటకు పంపిన రైలు ఆలస్యమై సకాలంలో చేరలేదు. 250 మందికి పైగా మాజీ సైనికులు కొట్టుకొనిపోయినారు. ఇక్కడ కూడ ఆలస్యమే వారిని చంపినది.

1935 లో రూజ్‌వెల్ట్ పత్రాల చెల్లింపు బిల్లును తిరస్కరించినాడు. 1936 జనవరిలో చట్టసభలు ఆయన తిరస్కారాన్ని త్రోసివేసినవి. జూన్ 15 నుండి 50 డాలర్ల బాండ్ల రూపంలో చెల్లింపు ప్రారంభమైనది. అప్పు తీసికొన్న వారికి దానిపై వడ్డీ మాఫీ చేసినారు. సగటున ఒక్కొక్కరికి అయిదువందల డాలర్లకు పైగా అందినవి. ఖజానా కూలిపోతుందని భయపడినవారి భయం నిజం కాలేదు. మాజీ సైనికులు ఆ సొమ్మును ఇండ్లకు, వాహనాలకు, ఇంటి సామానులకు వెచ్చించగా ఆ ఏడు వ్యాపారం కొంత పుంజుకొన్నదని ఆర్థికవేత్తల పరిశోధనలు చెప్పుచున్నవి.

దీనికంటె గొప్ప ఫలితం మరొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగియక ముందే, 1932 నాటి అనుభవం మరల రాకూడదని అమెరికా పాలకులు జాగ్రత్తపడినారు. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సైనికుల పునరావాస చట్టం ఇరవై ఏండ్ల తరువాత చెల్లే పత్రం ఇవ్వలేదు. చదువుకొనుటకు ఫీజు, పుస్తకాలు, జీవనభృతి, ఇంటికి అప్పు హామీ, పని దొరికే వరకు నిరుద్యోగ భృతి, ఇవన్నియు వెంటనే ఇచ్చినది. 1947 లో అమెరికా కళాశాలలలో చేరిన వారిలో సుమారు సగం మంది మాజీ సైనికులే. 1956 నాటికి 78 లక్షల మంది ఈ చట్టం క్రింద విద్యను గాని, వృత్తి శిక్షణను గాని పొందినారు. ఐతే అమలు స్థానిక అధికారుల చేతులలో ఉన్నందున, దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి సైనికులకు దక్కవలసిన భాగం దక్కలేదు. అనకోస్టియాలో ఒకే వరుసలో నిలబడినవారి తమ్ములు, కుమారులు ఇక్కడ మరల వేరు వరుసలలో నిలబడవలసి వచ్చినది. చట్టంలో వాగ్దానం ఉన్నంత మాత్రాన అందరికీ అందినట్లు కాదని ఇది తెలుపుచున్నది.

మనకు తెలియవలసినది

మన దేశంలో కూడ మాజీ సైనికులు వీధిలో కూర్చుండిన సందర్భం విద్యార్థులలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును. ఒకే హోదాకు ఒకే పింఛను అను కోరికతో 2015 జూన్‌లో వారు ఢిల్లీలోని జంతర్ మంతర్ వద్ద నిరాహార దీక్షలు ప్రారంభించినారు. ఆ ఏడు సెప్టెంబరు 5న ప్రభుత్వం పథకాన్ని ప్రకటించి, నవంబరులో ఉత్తర్వు జారీ చేసి, 2014 జూలై 1 నుండి వర్తింపజేసినది. అమలు తీరుపై వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. రెండు దేశాల పరిస్థితులు ఒకటి కావు, రెండు ఉద్యమాల కోరికలును ఒకటి కావు. ఐనను పతకాలు ధరించిన వృద్ధుడు రోడ్డు ప్రక్కన కూర్చుండి తన లెక్క తానే చెప్పుకొనవలసి వచ్చిన దృశ్యం రెండు చోట్లను ఒక్కటే.

ఈ విషయం సైనికులకు మాత్రమే సంబంధించినది కాదు. మంజూరైన ఉపకార వేతనం ఏడాది గడచినను చేతికి రాక, పరీక్ష ఫీజు కట్టుటకు తండ్రి మరొకచోట వడ్డీకి అప్పు తెచ్చిన విద్యార్థులను మేము ఎరుగుదుము. అట్టి విద్యార్థి గుమాస్తా బల్ల ముందు నిలబడినపుడు గొంతు తగ్గించి, ఏదో దయ కోరుచున్నట్లు మాట్లాడుతాడు. అతడు అడుగుచున్నది దయ కాదు, కాగితంపై తన పేర వ్రాసి ఉన్న సొమ్ము. ఆ సంగతి అతనికి గుర్తుచేయుట అధ్యాపకులుగా మా బాధ్యత. అతనిని నిలబెట్టకుండ కూర్చుండబెట్టి, సొమ్ము ఎప్పుడు వచ్చునో తేదీతో సహా చెప్పుట సంస్థలు నడిపేవారి బాధ్యత. గ్లాస్‌ఫర్డ్ చేతిలో ఖజానా లేదు, బాకీ తీర్చే అధికారమును లేదు. అయినను వచ్చినవారిని మనుషులుగా చూచుటకు ఆయనకు ఎవరి అనుమతియు కావలసిరాలేదు.

బాకీ, వసూలు, హామీ, రసీదు, కిస్తు – ఇచ్చి పుచ్చుకొనుటకు సంబంధించిన ఈ మాటలన్నియు ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మన ఇంటి మాటలైనవి. ‘వాదా’ కూడ వచ్చినది, కాని దారిలో ‘వాయిదా’గా మారినది. భాషలో జరిగిన మార్పును మనము వెనుకకు త్రిప్పలేము. ఐతే నేటి విద్యార్థులలో కొందరు రేపు కార్యాలయాలలో సంతకాలు చేసే స్థానాలకు చేరుతారు. ఎవరికైనను చెల్లింపు తేదీ వ్రాసేటపుడు, ఆ తేదీ వరకు ఆ మనిషి ఏమి తిని బ్రతుకుతాడని ఒక్కసారి ఆలోచించినచో, మేము ఈ వ్యాసం వ్రాసిన శ్రమ వృథా కాదు.